గొలుసు ప్రార్థన హాజరు

అల్వాల్, మంగళవారం

పాస్టర్ అయ్యగారికి వందనాలు.

మన సంఘంలో ప్రార్థన ఏ వేళా ఆగకూడదని మీరు ఇంటికో అరగంట పంచి, జాబితా నా చేతికిచ్చారు. ప్రార్థన అయిపోగానే అందరూ వాట్సాప్ గ్రూపులో ‘ఆమెన్’ అని పెడుతున్నారు. కొందరు మొదలుపెట్టకముందే పెడుతున్నారు. వారి క్రమశిక్షణ మెచ్చుకోదగింది.

చిక్కంతా దీనమ్మతోనే. పద్మారావు నగర్‌లో ఇడ్లీ బండి నడిపే ఈమె పది రోజులుగా ఒక్క ఆమెన్ కూడా పెట్టలేదు. నిన్న పొద్దున సరిగ్గా ఆమె వంతు వేళకు బండి దగ్గరికే వెళ్లి నిలదీశాను.

చట్నీ వేస్తూనే, “లేచినకాడి నుంచి చేస్తనే ఉన్న అయ్యా. అయిపోతెనే గద ఆమెన్ పెట్టేది? గిప్పుడు సుత చేస్తుంటే మీరొచ్చి ఆపిన్రు” అన్నది. అప్పుడు ఆమె మా ఆవిడ మోకాలి ఆపరేషన్ గురించి ప్రార్థిస్తున్నదట. ఆ అంశం మన ప్రార్థనాంశాల జాబితాలోనే లేదు.

కాబట్టి ఆమె పేరు కొట్టేయాలని మనవి. ఆరున్నరకు ఉన్న నా వంతు కూడా ఇంకెవరికైనా ఇవ్వండి. అందరి ఆమెన్‌లు సరిచూసేసరికి నాకు ప్రార్థన చేసే తీరిక ఉండటం లేదు. నా ఆమెన్ మాత్రం రోజూ తప్పకుండా పెడుతున్నాను.

ప్రభువు పనిలో,
మీ సంఘపెద్ద