ఇంజన్ గొంతు

మార్చి 4, మంగళవారం

కంపెనీలో చేరిన రోజు ఇచ్చిన డైరీ ఇది. ఉద్యోగం పోయింది, డైరీ మిగిలింది. పారెయ్యబుద్ధి కాక రాస్తున్నాను.

ఇంటికొచ్చి నెల దాటింది. మెయిల్ వచ్చిన రోజు ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. నాన్న ఏమీ అడగలేదు, భోంచేశావా అన్నాడు. అమ్మ మాత్రం మొహం అలా గోడలా పెట్టుకుని తిరగకు, చూడలేక చస్తున్నాను అంటోంది. నేనేం పెట్టుకోవడం లేదు. అదే అలా ఉంది.

మార్చి 6, గురువారం

ఇంట్లో ఉండలేక నాన్న షాపుకి వెళ్తున్నాను. ఇదివరకు అక్కడ స్కూటర్లు ఉండేవి. అవి పెద్ద సర్వీస్ సెంటర్లకి పోయాక గడ్డి కోసే మెషిన్లు మిగిలాయి. ఆ మెషిన్ ఇంజన్ని రిమోట్ విమానానికి బిగించగలవా అని పళ్ళ డాక్టరు ఒకాయన అడిగాడట. రిటైరయ్యాక ఆయనకి అదే పిచ్చి. నాన్న బిగించాడు, ఎగిరింది. అప్పట్నుంచి షాపులో గోడకి టైర్ల బదులు రెక్కలు వేలాడుతున్నాయి.

ఇవాళ డాక్టరు కొత్తది తెచ్చాడు. రెక్కలు విప్పితే మా మంచం కన్నా పొడుగు. ముప్పై సీసీ పెట్రోల్ ఇంజన్ విడిగా డబ్బాలో ఉంది. వాళ్ళ క్లబ్బులో అందరూ మెథనాల్ ఇంజన్లు మానేసి పెట్రోల్‌కి మారాలని చూస్తున్నారట. ఇది బాగా ఎగిరితే ఆ పనంతా నాన్నకే. పాడైతే ఇంకెవరూ రారు. ఆ రెండో మాట డాక్టరు అనలేదు, నాన్న ఇంటికొచ్చాక అన్నాడు.

మార్చి 8, శనివారం

విమానం ముక్కు దగ్గర నిలువుగా ఒక ప్లైవుడ్ గోడ ఉంటుంది. ఫైర్‌వాల్ అంటారు. ఇంజన్ దాని మీదే కూర్చోవాలి. పెట్రోల్ తాగకుండా ఆ చెక్కకి ఎపాక్సీ జిగురు పూశాం. నాన్న ఇంజన్ని కొంచెం కుడికి, కొంచెం కిందికి చూసేలా బిగించాడు. నేరుగా బిగిస్తే విమానం ఎడమకి లాగుతుందట. ఇగ్నిషన్, రిసీవర్, రెక్కల్నీ థ్రాటిల్‌నీ కదిపే చిన్న సర్వో మోటార్లు నావి. చదివింది అదే. ఇగ్నిషన్ రేడియోని చెడగొట్టకుండా రెండింటినీ ఎడంగా పెట్టాను. థ్రాటిల్‌కి ప్లాస్టిక్ రాడ్ వేశాను. చేతులు పనిచేస్తున్నాయి. అంతవరకూ బాగానే ఉంది.

పెట్రోల్ ట్యూబు పసుపు రంగుది. డాక్టరుకి నచ్చలేదు. తన పాత మెథనాల్ విమానాలకి వాడిన నీలం సిలికాన్ ట్యూబు ఇంట్లో చుట్టలు చుట్టలుగా ఉందన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. సిలికాన్ పెట్రోల్ తాగితే ఉబ్బి మెత్తబడి జారిపోతుందని చెప్పాడు. డాక్టరు తలూపాడు. పళ్ళు తోముకోమంటే పేషెంట్లు ఊపేది ఆ తలే అయి ఉంటుంది.

మార్చి 11, మంగళవారం

పెద్ద స్పానరు నా చేతిలోంచి జారి రేకు డబ్బా మీద పడింది. వీధిలో పోయే మనిషి ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశాడు. నాన్న నాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. తిరగలేదు.

మార్చి 12, బుధవారం

నాన్నకి వినపడటం లేదు.

మార్చి 13, గురువారం

అమ్మకి తెలుసేమోనని కదిలించి చూశాను. నాన్న ఈమధ్య పిలిస్తే పలకడం లేదు కదా అన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నా మాట విన్నదెప్పుడు, నువ్వేదో కొత్తగా కనిపెట్టినట్టు చెప్తావేం అంది.

మార్చి 15, శనివారం

నాన్నకి ఒక పద్ధతి ఉంది. తను ఇంజన్ బిగించిన విమానం మొదటిసారి ఎగిరేటప్పుడు చూడడు. ఫీల్డులో దానికి వీపు తిప్పి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. వింటూ చెప్తాడు. ఇప్పుడు ఎక్కుతోంది, ఇప్పుడు తిరిగింది, పెట్రోల్ కాస్త ఎక్కువవుతోంది, దింపండి. కళ్ళకి బొమ్మ ముద్దుగానే కనపడుతుంది, అసలు సంగతి చెవులకే తెలుస్తుందంటాడు. క్లబ్బు వాళ్ళకి ఇదో వేడుక. ఈ ఇరవై మూడున ఆదివారం అందరూ వస్తున్నారని డాక్టరు ఫోన్ చేశాడు. ఫోన్ నేనే తీశాను. అందరూ విమానాన్ని కాదు, నాన్న వీపుని చూడ్డానికి వస్తున్నారట.

నాన్నకి ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెప్పాను. సరే అన్నాడు.

మార్చి 17, సోమవారం

ఇంజన్ని బల్లకి కట్టి నడిపాం. పెట్రోల్ తక్కువైతే లీన్. గొంతు సన్నబడి కీచుమంటుంది. అలాగే వదిలేస్తే వేడెక్కి బిగుసుకుపోతుంది. ఎక్కువైతే రిచ్. జలుబు చేసినట్టు బొంగురుపోతుంది. కార్బురేటర్ మీద రెండు స్క్రూలు, వాటి మధ్యే అంతా.

నాన్న ఎడం అరచెయ్యి బల్ల మీద ఆనించి, కుడి చేత్తో స్క్రూ తిప్పుతున్నాడు. ఇంజన్ని చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. కాసేపటికిగానీ నాకు అర్థం కాలేదు. నా మొహంలో వెతుక్కుంటున్నాడు.

ఇంజన్ కీచుమంది. నాన్న ఇంకా అదే వైపు తిప్పుతున్నాడు. నేను చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పాను. ఇంజన్ ఆపాక నాన్న చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

నేను తెలుసుకున్నానని ఆయనకి తెలుసు.

మార్చి 18, మంగళవారం

అద్దంలో చూసుకున్నాను. లీన్‌కీ రిచ్‌కీ ఒకటే మొహం.

మార్చి 20, గురువారం

చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామని ఫోన్‌లో టైప్ చేసి చూపించాను. కూడబలుక్కుని చదివాడు. ఫోన్ బోర్లించి పెట్టాడు. ఆదివారం అయ్యాక అన్నాడు. వీపు తిప్పడం ఈసారికి మానెయ్యమని కూడా టైప్ చేశాను. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారుగా అన్నాడు. నువ్వు నా ఎదురుగా నిలబడు చాలు అన్నాడు.

నా మొహం పనిచెయ్యదు నాన్నా అని టైప్ చేసి చెరిపేశాను.

సాయంత్రం డాక్టరు విమానం తీసుకెళ్ళాడు. స్టిక్కర్లు అంటించుకోవాలట.

మార్చి 23, ఆదివారం, సాయంత్రం ఐదు

ఇప్పుడే వచ్చాం. మర్చిపోకముందే రాయాలి.

ఊరి బయట గడ్డి నేల. పది పన్నెండు మంది, మడత కుర్చీలు. డాక్టరు బావమరిది ఒకాయన ఉన్నాడు, నోరు ఊరుకోదు. మేస్త్రికి దేవుడు చెవులు వీపున పెట్టాడు, చొక్కా తొడుక్కుంటే పాపం ఎలా వినపడుతుందో అన్నాడు. అందరూ నవ్వారు. అందరూ నవ్వడం చూసి నాన్న కూడా నవ్వాడు.

రేడియో ఎంత దూరం అందుతుందో నేను రేంజ్ చెక్ చేశాను. ఇంజన్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి. రేడియో బాగుంది. నాన్న వీపు తిప్పి నిలబడ్డాడు. నేను ఎదురుగా టూల్‌బాక్స్ పట్టుకుని నిలబడ్డాను. నాన్న భుజం మీదుగా నాకు ఆకాశం కనపడుతోంది.

విమానం లేచింది. నా కళ్ళు పైకి వెళ్ళాయి. ఎక్కుతోంది అన్నాడు నాన్న. కళ్ళు పక్కకి వెళ్ళాయి. తిరిగింది అన్నాడు. చప్పట్లు కొట్టారు. మొహం అక్కర్లేదు, కళ్ళు చాలు అనుకున్నాను.

మూడో చుట్టులో గొంతు సన్నబడింది. మొదట చాలా కొంచెం. తర్వాత ఇంకొంచెం. విమానం మాత్రం అందంగానే తిరుగుతోంది. డాక్టరు ఈల వేస్తున్నాడు. ఎవరూ వినడం లేదు. నాన్న నన్ను చూస్తూ, బాగుంది, బాగా పోతోంది అన్నాడు. ఆయన మొహంలో కత్తి వేటుకి నెత్తుటిచుక్క లేదు. ఆ మాట నన్ను అడుగుతున్నాడు.

నేనే అరవొచ్చు, దింపండి అని. నోరు తెరిచాను. అరిస్తే అందరూ నాన్న వైపు చూస్తారు. మూసుకున్నాను. ఇంజన్ కీచుమంటోంది. అప్పుడు నా మొహం కదిలింది. ఏం కదిలిందో, ఎలా కదిలిందో నేను చూడలేదు. నాన్న చూశాడు.

"డాక్టరుగారూ, థ్రాటిల్ తగ్గించి దింపెయ్యండి. ఇప్పుడే."

డాక్టరు నవ్వుతూనే తిప్పాడు. నేల వైపు వస్తుండగా ఇంజన్ ఆగిపోయింది. గాలి మీద జారుకుంటూ వచ్చి గడ్డిలో దిగింది. ఒక చక్రం వంగింది. అంతే.

ముక్కు మీది కవరు తీసి చూశాం. లోపల నీలం ట్యూబు, జలగలా ఉబ్బి, సగం జారి ఉంది. పసుపు ట్యూబు నా స్టిక్కర్లకి నప్పలేదు, నిన్న మార్చాను అన్నాడు డాక్టరు, ఎవరి వైపూ చూడకుండా.

బావమరిది వచ్చి, మాకెవరికీ తెలీనిది ఎలా విన్నావు మేస్త్రీ అని అడిగాడు. నాన్న కవరు స్క్రూలు ఏరుకుంటున్నాడు. పలకలేదు. మళ్ళీ అడిగాడు. పలకలేదు. మూడోసారి భుజం తట్టి అడిగాడు. నాన్న లేచి ఆయన్ని చూశాడు, అందర్నీ చూశాడు, నన్ను చూశాడు.

"నాకు వినపడటం మానేసి చాన్నాళ్ళైందండీ. విన్నది మా అమ్మాయి."

ఎవరూ నవ్వలేదు. మడత కుర్చీలు మడుస్తున్న చప్పుడు వినపడింది. నాకు.

మార్చి 24, సోమవారం

అమ్మకి చెప్పాం. ఇన్నాళ్ళూ నేను తిట్టినవన్నీ దండగేనన్నమాట అంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాన్న ఏమందని నన్ను అడిగాడు. భోజనానికి రమ్మంటోంది అని సైగ చేశాను.

మార్చి 27, గురువారం

షాపుకి ఎవరూ రాలేదు.

మార్చి 29, శనివారం

చెవి డాక్టరు ఎడమది పూర్తిగా పోయిందన్నాడు. కుడిదానికి మెషిన్ పెడితే మాటలు కొంత వినపడొచ్చు, ఇంజన్ తేడాలు తెలియవన్నాడు. నాన్న తలూపాడు. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

మేం వచ్చేసరికి పళ్ళ డాక్టరు షాపు మెట్ల మీద ఉన్నాడు. ఒళ్ళో వంగిన చక్రం, చేతిలో కొత్త పసుపు ట్యూబు. వెంట బావమరిది, తన పాత విమానంతో. దీనికి పెట్రోల్ ఇంజన్ పెట్టాలట, రెక్కలకి వార్నిష్ కూడా వెయ్యాలట. నాన్నతో చెప్పబోయి నా వైపు తిరిగాడు. అమ్మా, వీపు ఎవరిదైనా ఫరవాలేదు అన్నాడు. జోకు కాదు. ఆయనకి ఇంకోలా మాట్లాడటం రాదు.

ఏదో కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది. ఇంకా జవాబు ఇవ్వలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

షాపు వెనక రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. నేనేమీ అనలేదు. ఫైర్‌వాల్‌కి ఎపాక్సీ పూస్తున్నాను. నాన్న తలెత్తి నా మొహం వైపు చూశాడు. లేచి వెళ్ళి, బయట ఆరేసిన రెక్కల్ని లోపలికి తెచ్చాడు.