రాగి పడికట్టు, ఇరవై తూటాలు

కెంటకీ రాష్ట్రం, లారెల్ ఫోర్క్ లోయ కాపురస్తురాలిని, చనిపోయిన హోబర్ట్ స్టిడమ్ భార్యను, వెర్డీ స్టిడమ్ అనే నేను, ఎనభై మూడేళ్ళ వయస్సులో వ్రాయిస్తున్న వీలునామా ఇది. ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, నా కొడుకు ఆర్లిస్, వాడి కూతురు డెల్సీ. నేను బడి మొహం చూడలేదు. నేను చెబుతుంటే వకీలు కాడిల్ గారి గుమాస్తా రీవా నేపియర్ రాస్తున్నది. నా మాటలు నునుపు చెయ్యవద్దని ఆమెకు ముందే చెప్పాను.

మతి స్థిమితంగా ఉన్నదా అని కాడిల్ గారు అడిగారు. ఉన్నది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, పెట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు. నాకున్నది ముసలితనపు చాదస్తం కాదు, భయం. ఆ భయం దేనికో కింద చెబుతాను. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కాడిల్ గారిది.

1. ఇల్లు, దాని వెనుక ఉన్న నలభై ఎకరాల కొండ, ఆపిల్ చెట్లు, ఇవన్నీ నా కొడుకు ఆర్లిస్‌కు చెందవలెను. అయితే ఐదో అంశంలోని షరతు తీరేవరకు వాడికి గుమ్మం మీద కూడా హక్కు లేదు.

2. మా ఆడపడుచు ఓపల్‌కు బీట వారిన ఇనుప పెనం ఇస్తున్నాను. వరద వచ్చిన ఏడు మొక్కజొన్న రొట్టె కాల్చుకుంటానని పట్టుకుపోయి, పగలగొట్టి తెచ్చి, "మొదటినుంచీ ఇట్లాగే ఉంది వదినా" అన్నది. ఇప్పుడు అది ఆమెదే. సంతోషంగా వాడుకోవచ్చు.

3. తుపాకి మందు తూచే హోబర్ట్ కాడ త్రాసు గురించి: ఒక కొసన పళ్ళెం, అంకెల గాట్లున్న కాడ, దాని మీద జరిపే గుండు. కాల్చిన ఇత్తడి గుల్లల్లో మళ్ళీ మందు పోసి తూటాలు చేసుకోవడం మా లోయలో ఇంటింటి పని. దుకాణం తూటా ఖరీదు పెట్టి వేటకు పోతే ఆ జింక మాంసం గొంతు దిగదు. హోబర్ట్ బొగ్గు గనిలో ఉన్న పూట ఆ బల్ల దగ్గర నేనే కూర్చునేదాన్ని. కాడ మీది గుండును ఆయన జరిపి పెట్టి పోయేవాడు. ముల్లు గీత మీద నిలబడేదాకా నేను మందు పోసేదాన్ని. అంకెలతో నాకు పని ఉండేది కాదు.

ఇక్కడ నేను ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట చెబుతున్నాను, రీవా, చక్కగా రాయి. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదో సంవత్సరం శరత్కాలంలో హోబర్ట్ తుపాకి చేతిలోనే చీలిపోయింది. ఎడమ కన్ను, రెండు వేళ్ళు పోయాయి. పరధ్యానంలో మందు ఎక్కువ పోసుకున్నానని ఆయన ఊరందరికీ చెప్పాడు. ఓపల్ చర్చి మెట్ల మీద నవ్వింది, "మా అన్నకు లెక్క ఎప్పుడొచ్చింది గనక" అని. ఆ తూటా చేసింది ఆయన కాదు. నేను. బల్ల తుడుస్తుంటే నా చొక్కా చెయ్యి తగిలి కాడ మీది గుండు పక్క గాటుకు జరిగింది. చదువు వచ్చిన మనిషైతే అంకె చూసి పట్టుకునేది. నేను ముల్లు నిలబడ్డదని పోశాను.

ఆస్పత్రినుంచి వచ్చాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మిగిలిన వేళ్ళతో ఒక రాగిముక్కను ఆకురాయితో రాచి రాచి, మా తుపాకికి పట్టే మందుకు సరిగ్గా సరితూగేట్టు చేశాడు. "వెర్డీ, కూర్చున్నప్పుడల్లా ముందు పళ్ళెంలో దీన్ని పెట్టు. ముల్లు నిలబడితే మందు పొయ్యి. లేకపోతే లేచి పో, వంట చేసుకో" అన్నాడు. ఆ పడికట్టు నా మెడలో ఉన్నది, చిన్న గుడ్డసంచిలో. ముప్పై ఎనిమిదేళ్ళుగా తియ్యలేదు.

4. ఆర్లిస్ ఈ వేసవిలో తెప్పించిన బ్యాటరీ త్రాసును ఎవరికీ ఇవ్వడం లేదు. దాన్ని సుత్తితో కొట్టి పారవెయ్యవలెను. ఇరవై ఐదు డాలర్లకు దొరికిందని వాడు మురిసిపోయాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, నీలం దీపం వెలుగుతుంది. మొన్న ఆదివారం చర్చినుంచి వచ్చి దాని మీద ఇరవై తూటాలు చేశాడు, ఎల్లుండి శనివారం జింకల వేట మొదలవుతుంది గనక, డెల్సీ కోసం.

మంగళవారం వాడు రంపం మిల్లుకు పోయాక నా రాగిముక్కను దాని మీద పెట్టాను. తీశాను, పెట్టాను, తీశాను, పెట్టాను. మూడుసార్లకూ మూడు రకాల అంకెలు చూపించింది. తరువాత వాడు పోసినట్టే మందు పోశాను. గబుక్కున పోస్తే అది గమనిస్తుంది. చివర్లో ఒక్కొక్క నలుసే రాలుస్తాము గదా, అప్పుడది కదలదు. నలుసులు పడుతూనే ఉన్నాయి, అంకె మాత్రం అట్లాగే నిలబడి ఉన్నది. ఆ పళ్ళేన్ని తెచ్చి కాడ త్రాసులో పెడితే పళ్ళెం వైపు ఠక్కున కిందికి పడింది. అంటే మందు ఎక్కువ పడ్డదన్నమాట. ఊళ్ళో తుపాకుల దుకాణం అతన్ని అడిగితే, "చవక వాటికి ఆ జబ్బు ఉంటుంది పెద్దమ్మా, మెల్లగా రాలే నలుసుల్ని గాలి అనుకుని సున్నాలో కలిపేసుకుంటాయి" అన్నాడు.

ఈ సంగతి ఆర్లిస్‌కు చెప్పాను. "నీకు అంకెలే రావు, త్రాసు తప్పంటావా ముసలిదానా?" అన్నాడు. అంకెలు రావురా. కానీ నిన్న చూసిన మొహం ఇవాళ మారిపోతే గుర్తుపట్టడానికి చదువెందుకు?

5. షరతు. అటక మీది పందికొవ్వు డబ్బాలో ఉన్న డబ్బుతో ఆర్లిస్ కొత్త త్రాసు కొనవలెను. వెయ్యి డాలర్లది కొనమనడం లేదు, వంద పెడితే చాలునని దుకాణం అతను అన్నాడు. కానీ కొనేముందు దాన్ని ఇట్లా పరీక్షించవలెను. పడికట్టు దానితోపాటే రావాలి. గోడ కరెంటుకు తగిలించే తీగ ఉండాలి, బ్యాటరీ నీరసపడితే త్రాసు అబద్ధమాడుతుంది. మధ్యలో తనంతట తాను ఆరిపోకూడదు. ఒకే వస్తువును పదిసార్లు పెడితే పదిసార్లూ ఒకే అంకె చూపించాలి. ఒక్క నలుసు రాల్చినా అంకె కదలాలి. ఇంటికి తెచ్చాక పొయ్యికి, ఫ్యానుకు, వాడి ఫోనుకు దూరంగా పెట్టాలి, అరగంట ముందు వెలిగించి ఉంచాలి. ఇవన్నీ చేసినా సరే, ప్రతి పదో తూటాకు పళ్ళెం తెచ్చి కాడ త్రాసుకు చూపించాలి. కొత్తదానికి పాతది సాక్షి. రెండూ ఒక మాట చెబితేనే పొయ్యాలి.

6. డెల్సీకి హోబర్ట్ రెండో తుపాకి, కాడ త్రాసు, నక్షత్రాల బొంత, దారానికి గుచ్చి ఎండబెట్టిన చిక్కుడుకాయల దండలు ఎన్ని ఉంటే అన్ని. మెడలోని రాగిముక్క కూడా ఆమెదే. డెల్సీకి చదువు వచ్చు, అందుకే ఇస్తున్నాను. చదువు వచ్చినవాళ్ళు వెలిగే అంకెను తొందరగా నమ్ముతారు. పిల్లా, మీ తాతను నేను ఒంటికన్ను మనిషిని చేశాను. నీ రెండు కళ్ళూ మీ తాతవే. వాటిని చూసినప్పుడల్లా నాకు చలి పుడుతుంది.

7. వీలునామా మనిషి పోయాక విప్పుతారట. అంతవరకు ఆగితే ఆలస్యమవుతుంది. ఆర్లిస్ ఇప్పుడు ఈ ఆఫీసు బయట ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. ఆ ఇరవై తూటాల పెట్టె వాడి పక్క సీటు మీద ఉన్నది. తుపాకి వెనక అద్దం దగ్గర కొయ్యకు తగిలించి ఉన్నది. పొద్దున బయలుదేరేటప్పుడు అన్నాడు, "వకీలు పని అయ్యాక రాతి క్వారీ దగ్గర ఆపి నీ కళ్ళముందే ఒకటి కాల్చి చూపిస్తా, అప్పుడైనా నోరు మూస్తావా?" నోరు ముయ్యడానికి నాకు అభ్యంతరం లేదు. వాడి మొహం పక్కన ఆ తుపాకి పేలడం నేను చూడలేను. ఒకసారి చూశాను.

కనుక కాడిల్ గారు వాడిని లోపలికి పిలిపించి, మొదటినుంచి చివరిదాకా, మూడో అంశంతో సహా, వాడి ఎదుట చదవవలెను. ఇరవై తూటాలూ ఈ బల్ల మీద పెట్టేవరకు నేను సంతకం గుర్తు పెట్టను. పెట్టకపోతే ఈ కాగితం చెల్లదు. అప్పుడు ఇల్లూ కొండా ఎవరి పాలవుతాయో ఆ దేవుడికే ఎరుక.

రీవా నేపియర్ అనే నేను చేర్చిన మాట: పైదంతా ఆర్లిస్ స్టిడమ్ ఎదుట చదివి వినిపించడమైనది. మూడో అంశం దగ్గర అతను టోపీ తీసి, "నాన్న నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. ఆమె పెట్టె తెమ్మని గుమ్మం వైపు చెయ్యి చూపింది. అతను ట్రక్కులోనుంచి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె ఒక్కొక్క తూటానూ వేలితో తాకుతూ పక్కకు జరిపింది. పందొమ్మిది ఉన్నాయి.

"ఇంకోటేదిరా?" అన్నది.

అతను టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "తుపాకిలో పెట్టేశానమ్మా" అని బయటికి వెళ్ళాడు. కాడిల్ గారు, సాక్షిగా పిలిచిన మంగలి, నేను కిటికీ వంక చూస్తూ నిలబడ్డాము. ఆమె మాత్రం చూడలేదు. మెడలోని గుడ్డసంచిని పిడికిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెవి వీధివైపు పెట్టి కూర్చున్నది. శబ్దమేమీ రాలేదు. అతను తిరిగి వచ్చి, "ఇంద అమ్మా" అని ఇరవయ్యోదాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు. అప్పుడు కలం అడిగింది.

తేదీ: 2017 నవంబరు 9, గురువారం.

వెర్డీ స్టిడమ్ గుర్తు: X

సాక్షులు:
రీవా నేపియర్
క్లైడ్ బోలింగ్, పక్క మంగలిదుకాణం