పటేలు ఎద్దులకు దారి

బోధన్, శుక్రవారం రాత్రి

ఈ రోజు మా బాపు లైను వదిలేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు నిన్నటి నుంచి చెరుకు బండితో నిలబడ్డ మనిషి, వెనక మా ఊరి పటేలు ఎద్దుల గంటలు వినబడగానే తన బండిని పక్కకు తిప్పాడు. పటేలు రానే లేదు. బండి తోలుకొచ్చింది ఆయన జీతగాడు సాయన్న, మాలాంటివాడే.

గేటు డ్యూటీలో ఉన్న నేను ఉరికాను.

"ఎందుకు తప్పుకున్నవ్ బాపు?"

"పెద్దోళ్ల బండి గదరా."

"పెద్దోళ్లు యాడున్నరు? గవి ఎద్దులు!"

సాయన్న పగలబడి నవ్వాడు. "ఎద్దులకే గింత ఇజ్జతా మామా? గట్లయితే నాకు బీడీ అన్న ఇయ్యి."

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వి బీడీ ఇచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

నైజాం పోయింది, ఓటు వచ్చింది. బాపు ఓటూ పటేలు ఓటూ ఒకే డబ్బాలో పడతాయి. బండ్లు మాత్రం ఒకే లైనులో నిలబడవా? జులుం చేసేవాడు ఎదురుగా ఉంటే కొట్లాడతాను. బాపు లోపల కూర్చున్నవాణ్ణి ఎట్లా వెళ్లగొట్టను?

ఇప్పుడు బాపు చలిలో బండి కింద పడుకున్నాడు. పైన మా చెరుకు ఎండి బరువు తగ్గుతోంది. పటేలు బండ్లు రేపు ఇంకా వస్తాయట.

బాపు, పొద్దున సైరన్ మోగేలోపల నాకు జవాబు కావాలి. నీ జాగాలో నువ్వు నిలబడతావా, పగ్గాలు నాకిస్తావా? రెండిట్లో ఏదైనా సరే, మన బండి పక్కకు కదలదు.