పందిరికి మందు కొట్టనివ్వను

కంబదూరు,
18-7-2004

ప్రియమైన మామకు,

ఈశ్వరి రాసుకున్నది. ఇక్కడ అందరం బాగున్నామని రాయడానికి లేదు. విత్తిన రోజు పడిన వాన మళ్ళీ ముఖం చూపలేదు. నువ్వు బెంగళూరు పనికి పోయినప్పటి నుంచి పెరట్లోని చిక్కుడు పందిరే నాకు చేను. గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి బతికిస్తున్నాను. ఈ కరువులో మనకు కూర అంటూ ఉంటే అదే.

ఇప్పుడు గొడవేమిటంటే, అత్త చెంప మీద, మెడ మీద పొక్కులు లేచాయి. సాలెపురుగు ఉచ్చ పోసిందట. పందిరి నిండా సాలెగూళ్ళు కాబట్టి పందిరికీ ఇంటికీ పురుగుల మందు కొట్టించాలట. నేను కొట్టించను. పోయిన ఏడు కొట్టిస్తే సాలెపురుగులన్నీ చచ్చాయి, పదిరోజులు తిరక్కుండా పేనుబంక తీగలను నల్లగా కప్పేసింది. ఈసారి ఒక్కో గూట్లో ఎన్ని పురుగులు చిక్కుకుంటున్నాయో రోజూ నా కళ్ళతో చూస్తున్నాను. ఇంట్లో బూజంతా దులిపేశాను, మంచం దగ్గర ఒక్క పోగు లేదు. పందిరి జోలికి మాత్రం ఎవరినీ రానివ్వను. అత్త నీకు వేరే ఉత్తరం రాయిస్తుందిలే, అదీ చదువు.

నీ ఈశ్వరి

బెంగళూరు,
29-7-2004

ప్రియమైన ఈశ్వరికి,

నీ ఉత్తరం, అమ్మ రాయించిన ఉత్తరం ఒకే రోజు అందాయి. అమ్మ ముఖం కంటే నీకు ఆ పురుగులే ముద్దయ్యాయా? నీది మొండిపట్టు అని మీ నాయన పెళ్ళిలోనే చెప్పాడు, నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆదెన్నకు కబురు పెట్టాను, మందు ట్యాంకు తీసుకుని వస్తాడు. అడ్డం పడితే వినాయక చవితికి వచ్చి గుంజలతో సహా పందిరి పీకేస్తాను.

నాకూ ఒంట్లో బాగాలేదు. పాప జాగ్రత్త.

తిప్పేష్

కంబదూరు,
14-8-2004

ప్రియమైన మామకు,

ఆదెన్న వచ్చాడు. పాపను పక్కింటి మాబీ దగ్గర వదిలిపెట్టి వచ్చి పందిరి కింద కూర్చున్నాను. "కొట్టన్నా, నా నెత్తిన గూడా కొట్టు. నేను లేసేది లేదు" అన్నాను. కాసేపు నిలబడి, మజ్జిగ తాగి పోయాడు. ఊరంతా నవ్వింది. నవ్వనీ. అత్త వేరే పొయ్యి పెట్టుకుంది.

ఒక సంగతి మాత్రం విను. అత్త గుమ్మఘట్టలో వదిన ఇంట్లో ఎనిమిది రోజులు ఉండి వచ్చింది. అక్కడ పొక్కులు మాడిపోయాయి. ఇక్కడికి వచ్చిన నాలుగో రోజుకు మళ్ళీ లేచాయి. "సూడు, నీ పురుగులు నా కోసరమే కాసుకోనుండాయి" అంది. వదిన ఇంట్లో సాలెపురుగులు లేవా? దూలాల నిండా ఉన్నాయి. అక్కడ ఏమీ చేయనివి ఇక్కడే ఎందుకు చేస్తాయి? పైగా ఎప్పుడూ ఎడమ చెంపకే. సాలెపురుగుకు కుడి ఎడమలు తెలుసా? కారణం ఇంకేదో ఉంది, నాకు దొరకడం లేదు. దొరికినా దొరక్కపోయినా గుంజ పీకే ముందు నన్ను పీకాలి.

ఒంట్లో బాగాలేదన్నావు, ఏమైందో రాయలేదు. మన పోట్లాట వేరు, అది వేరు. దాచకుండా రాయి.

నీ ఈశ్వరి

బెంగళూరు,
30-8-2004

ప్రియమైన ఈశ్వరికి,

ఏమైందని అడిగావు. సిగ్గుపడుతూ రాస్తున్నాను. నా చెంప మీదా అవే పొక్కులు. నీ పందిరి పురుగే నా మూటలో వచ్చిందనుకున్నాను, అందుకే అంత కోపం. నీ ఉత్తరం చదివాక మేముండే రేకుల షెడ్డంతా వెతికాను. ఒక్క సాలెగూడు లేదు. మా మేస్త్రీ గంగాధరప్పకు నీ ప్రశ్నలన్నీ చెప్పాను. ఒకే చెంప అంటే పడుకునే పక్కే చూడాలంటూ ఆయన నేరుగా నా దిండు ఎత్తి వాసన చూసి, "యాడిదప్పా ఈ గుడ్డ?" అన్నాడు.

విత్తే ముందు రోజు మనిద్దరం చెరో కొస పట్టుకుని వేరుశనగ విత్తనాలకు మందు పొడి పట్టించామే, ఆ పాత పంచె అది. గట్టి గుడ్డ, పారేయబుద్ధి కాలేదు. నీళ్ళలో ఒకసారి జాడించి, రెండు ముక్కలు చేసి, బయలుదేరే ముందు అమ్మకొక దిండు, నాకొక దిండు కుట్టాను. మేస్త్రీ ఆ రోజే నా దిండు పారేయించాడు. పది రోజులైంది, చెంప చల్లబడింది.

అమ్మ దిండు వెంటనే తీసేయి. పాపను దాని దగ్గరికి పోనివ్వకు. తప్పు నాది. పందిరి నీది.

తిప్పేష్

కంబదూరు,
9-9-2004

ప్రియమైన మామకు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత పాప చెంపలూ మెడా తడిమి చూశాను, ఏమీ లేవు. దిండు అడిగితే అత్త ఒళ్ళో పెట్టుకుని, "నా కొడుకు కుట్టినాడు, నేనియ్యను" అంది. నీ ఉత్తరం మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారి తనే తెచ్చి ఇచ్చింది. బావికి దూరంగా లోతుగా గొయ్యి తీసి పూడ్చాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను, పూత మందు ఇచ్చాడు. చెంప మానుతోంది.

రెండు నెలలు నన్నూ నోరులేని పురుగులనూ కలిపి తిట్టారు. తిట్లు మర్చిపోతాను గానీ, నా పందిరి మీదికి ఆదెన్నను పంపింది మర్చిపోను. తప్పు నీదని నాకు రాస్తే చాలదు, ఆయనకు నువ్వే నోటితో చెప్పాలి.

సాలెపురుగులు మంచివని అత్త ఇంకా ఒప్పుకోలేదు. పొయ్యి మాత్రం మళ్ళీ ఒకటే అయింది. నిన్న తొలి కాయలు కోసి కూర చేశాను. అత్త తింటూ తింటూ ఆగి, "దిండు పోతే పోనీ, కుట్టినోణ్ణి రమ్మని రాయి" అంది.

రాశాను. చవితికి రా. పెరట్లోకి వచ్చేటప్పుడు వంగి రా. సాలెగూళ్ళు సరిగ్గా నీ తల ఎత్తున ఉన్నాయి, ఒక్కటి తెగినా ఊరుకోను.

నీ మొండి ఈశ్వరి