ఉతకని చొక్కా

ఏమండీ,

ఇక్కడ అందరం బాగున్నాం, ఆవు తప్ప. మీరు పనికోసం పట్నం వెళ్ళిన దగ్గర్నుంచి అది నా చేతికి పాలు చేపడం లేదు. మీ పాత చొక్కా తొడుక్కుని పితికితే మాత్రం, ఆ వాసనకి కదలకుండా నిలబడేది.

పశువుల డాక్టరు గారు పల్లెల్లో జనం పశువులకి చేసే ఇంటి వైద్యాలన్నీ రాసుకుంటున్నారు. మొన్న మన పాకలోకి వచ్చారు. అత్తయ్య పశువుల కడుపుబ్బరానికి వాము నీళ్ళు చెప్పి, "మా కోడలి వైద్యం కూడా రాసుకోండి బాబూ. మా వాడి చొక్కాతో ఆవుని లొంగదీసింది" అని నన్ను ముందుకు తోశారు. నేను తలెత్తలేకపోయాను.

"ఈ ఉపాయం నీకెలా తట్టిందమ్మా?" అని డాక్టరు గారు అడిగారు.

"ఊరికే తట్టిందండీ" అన్నాను. ఆ మొదటిరోజు పొద్దున పాకలోకి వెళ్ళేసరికే చొక్కా నా ఒంటిమీద ఉందని ఎలా చెప్పను?

"ఎన్నాళ్ళు పనిచేస్తుంది?"

"వాసన ఉన్నన్నాళ్ళండీ."

ఆయన అది కూడా రాసుకున్నారు.

నిన్న చొక్కా మాసిపోయిందని అత్తయ్య ఉతికి ఆరేశారు. ఇవాళ ఆవు తన్నితే చెంబు దొర్లిపోయింది. అందుకని మీరు తొడిగి విడిచిన చొక్కా ఒకటి ఉతక్కుండా పంపండి.

ఇక ఉంటాను. వీలైతే రెండు పంపండి. ఆవుకి ఒకటి చాలు.