పాలిథీన్ కింద మిరప పిందె

12 ఆగస్టు 1957, సోమవారం
కామెరాన్ కొండలు

ఈరోజు మిరప మొక్కకు పిందె పడింది! రాయకుండా పడుకోలేను. తోటంతా నెలాఖరున మలయాకు రాబోయే మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, గురించే మాట్లాడుతోంది. నా నోట మాత్రం మిరపే.

నేను తేయాకు తోట గుమాస్తాగా ఈ చలికొండకు వచ్చినప్పటి నుంచి నా భార్య నరసమ్మకు మనసు నిలవలేదు. సముద్రం ఒడ్డున బాగన్ దాతుక్ ఎండలో పెరిగిన మనిషి. మూడుసార్లు నాటిన నారు చలికి ముడుచుకుపోయింది. "మిరప బతకని సోట నేనేటి బతుకుతాను? మా అమ్మకాడికి ఎల్లిపోతాను" అంది మూడు నెలల కిందట. అప్పుడే వెదురు బద్దలు వంచి, మనిషి నిలబడేంత ఎత్తున గూడు కట్టి, యంత్రాలకు చుట్టి వచ్చిన పాలిథీన్ కప్పి, లోపల మళ్లీ నారు నాటాను.

పొద్దున పది గంటలకు థర్మామీటరు పెట్టాను. బయట అరవై ఐదు డిగ్రీల ఫారన్‌హీట్, లోపల ఎనభై రెండు! నరసమ్మను చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లాను. ఆకు పైకెత్తి చూసి, "ఓలమ్మో, పిందె కాసినాది! ఇది మా ఊరి ఎండే లా!" అని మలయా వాళ్ల 'లా' తగిలించి నవ్వింది. ఎన్నాళ్లయింది ఆ నవ్వు విని!

కానీ తెల్లవారుజామున కర్ఫ్యూ ఎత్తగానే వెళ్లి చూసినప్పుడు లోపలికీ బయటికీ తేడా రెండు డిగ్రీలే. పగటి వేడి రాత్రికి నిలవడం లేదు. అడవిలోని తిరుగుబాటుదార్ల వల్ల రాత్రంతా కర్ఫ్యూ, మధ్యలో వెళ్లి చూసుకోవడానికీ లేదు.

ఇందాక పడుకోబోతే కంబళి కనబడలేదు.

"కర్ఫ్యూకి ముందే మొక్కల మీద కప్పేసినాను. ఈ పూటకి కోటేసుకు తొంగోండి" అంది నరసమ్మ.

వేళ్లు కొంకర్లు పోతున్నా నవ్వు ఆగడం లేదు. అన్ని మొక్కలకు ఆ ఒక్క కంబళి చాలుతుందో లేదో...