ఆరింటికి వచ్చే ఇద్దరు

నా పిచ్చుకకి,

ఆరేళ్ల తరవాత అక్క చేతిరాత చూసి కవరు పక్కన పడేస్తావేమో. పడేసినా సరే, కోపం తగ్గాక తీసి చదువు.

ఈమధ్య కేబుల్ టీవీకి రికార్డు చేసే పెట్టె ఒకటి కొన్నాను. ఇన్నాళ్లకి ఉత్తరం రాసి చెప్పేది ఇదా అని నవ్వకు. నీకు చెప్పాల్సినవన్నీ ఆ పెట్టె దగ్గరే మొదలయ్యాయి.

సాయంత్రం ఆరింటికి నువ్వు వార్తల చానల్లో వస్తావు. తెర మూలన చిన్న చదరంలో నిలబడి, వార్తలు చదివేవాళ్ల మాటల్ని చేతులతో చెబుతావు. సరిగ్గా అదే ఆరింటికి ఇంకో చానల్లో మీ ఆయన సైగల భాష పాఠం చెబుతాడు. నేనేమో ఆ వేళకి ఆసుపత్రిలో టెలిఫోను బోర్డు ముందు ఉంటాను. ఇద్దరినీ రికార్డు చేసుకుంటే తప్ప చూడలేను.

చెల్లెల్ని చూడాలనుకోవడం సరే, పాఠం నీకెందుకే అంటావు. నాకు చెవులు పోతున్నాయి పిచ్చుకా. కుడిది రెండేళ్ల కిందటే పోయింది. ఎడమదానితో నెట్టుకొస్తున్నాను. అదీ ఎంతోకాలం నిలవదని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. ఎవరికీ చెప్పలేదు. క్యాంటీన్లో అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వుతాను, ఎందుకో తెలియకుండానే. పొద్దున లేచింది మొదలు డ్యూటీకి వెళ్లేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. ఉన్నా వినపడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. కుక్కర్ కూతలు వినపడక, పొయ్యి దగ్గరే నిలబడి ఆవిరిని లెక్కపెడతాను.

పోయిన నెల ఒకాయన ఫోన్ చేసి వాళ్లమ్మ గురించి అడిగాడు. మూడో వార్డు, పన్నెండో మంచం అన్నాడట. నాకు ఏడో వార్డని వినపడింది. అక్కడికే కలిపాను. పన్నెండో మంచం ఆవిడ తెల్లవారుజామునే పోయారండీ అని అక్కడి నర్సు చెప్పేసింది. ఆయన ఎలా వచ్చాడో, ఒక కాలికే చెప్పుతో వచ్చాడు. వాళ్లమ్మ మూడో వార్డులో కూర్చుని పాలు తాగుతోంది. నన్ను పల్లెత్తు మాట అనలేదాయన. నా బోర్డు ఎదుట బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చి వెళ్లాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజే రాజీనామా రాసిచ్చాను. ఈ నెలాఖరుతో సరి.

ఆ వారమే షాపుకి వెళ్లాను. అక్కడ అమ్మే ఆవిడ గబగబా ఏదో చెప్పింది. సగం అర్థం కాకపోయినా అన్నిటికీ తలూపి, ఆవిడ ఇచ్చింది తెచ్చుకున్నాను. ఇద్దరికీ ఆరు గంటలకి రికార్డు పెడితే, ఒక సమయంలో ఒక్క చానలే రికార్డవుతుంది, ఏది ఉంచమంటారు అని తెర మీద వచ్చింది. నిన్నే ఉంచాను. వారమంతా నిన్ను చూశాను కానీ, నీ చేతులు ఏం చెబుతున్నాయో ఒక్క ముక్క బోధపడలేదు. తరవాతి వారం పాఠం ఉంచాను. నాలుగు మాటలు వచ్చాయిగాని, నువ్వు కనపడక ఇల్లు మరీ బోసిపోయింది.

పెట్టె పట్టుకుని మళ్లీ షాపుకి వెళ్లాను. ఆవిడ మళ్లీ గబగబా మొదలుపెట్టింది. ఈసారి తలూపలేదు. "నాకు వినపడదమ్మా, రాసి చూపించు" అన్నాను. బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆవిడ బిల్లు వెనకాల రాసింది: "రెండు ట్యూనర్లున్న పెట్టె అయితే ఒకేసారి రెండు చానళ్లు రికార్డవుతాయి. కానీ మీరు ఒక్కరే ఉంటారన్నారు కదా, రెండెందుకు?"

"ఆరింటికి నాకోసం ఇద్దరు వస్తారమ్మా. ఒకళ్లని లోపలికి పిలిచి ఒకళ్లని గుమ్మంలో నిలబెట్టలేను" అని చెప్పి, రెండు ట్యూనర్లదానికే మార్చుకున్నాను.

ఆ మాట అనేశాక గుర్తొచ్చింది. ఒకసారి నిలబెట్టినదాన్నే కదా. నువ్వు అతన్ని తీసుకొచ్చిన రోజు, చెప్పులైనా విప్పనివ్వకుండా, "వినపడనివాడితో కాపురం గోడతో కాపురమే" అన్నాను. నువ్వు తెల్లబోయావు. అతను మాత్రం నవ్వుతూ నిలబడ్డాడు. పోనీలే, అతనికి వినపడలేదు కదా అనుకున్నాను. అదే నా ధైర్యం.

రమ్మనడానికి రాయడం లేదు. నేను వచ్చే మొహమూ నాకు లేదు. చూస్తున్నానని నీకు తెలిస్తే చాలు. నిన్న నీలం చీర కట్టుకున్నావు. చిక్కిపోయావు.

అక్క


వదినగారికి నమస్కారం.

మీ చెల్లెలు మీ ఉత్తరం రెండుసార్లు చదివి నా చేతిలో పెట్టింది. జవాబు తనే రాయాలని కూర్చుంది గాని నాలుగు కాగితాలు రాసి చింపేసింది. అందుకని నేను రాస్తున్నాను.

ఆ రోజు మీరన్నది నాకు తెలుసు. పెదవుల్ని బట్టి మాట పోల్చుకోవడం నాకు ఏడేళ్లప్పుడే అలవాటైంది. గోడ అన్నప్పుడు పెదవులు గుండ్రంగా తిరుగుతాయి, పొరబడటానికి ఉండదు. నవ్వింది మర్యాదకి. రెండేళ్లు మీమీద కోపంగానే ఉన్నాను. కానీ మీ చెల్లెలు ఏటా మీ పుట్టినరోజుకి ఉత్తరం రాసి, కవరు అంటించి, పోస్టు చేయకుండా సొరుగులో పెట్టేది. అది చూశాక కోపం కొనసాగించడం నా వల్ల కాలేదు. మీ మాట నాకు తెలుసన్న సంగతి తనకి ఇవాళే తెలిసింది. ఇందాకటినుంచి నాతోనూ మాట్లాడటం లేదు.

ఇంకో కబురు. నా పాఠాలు ఈ నెలతో ఆగిపోతున్నాయి. చూసేవాళ్లు లేరని చానల్ వాళ్లన్నారు. మీరు చూస్తున్నారని తెలియక నేనూ సరేనన్నాను.

అయినా టీవీలో చూసి నేర్చుకుంటే, చెయ్యి తప్పుగా తిరిగినా పట్టుకుని సరిచేసేవాళ్లు ఉండరు. ఆదివారం పదింటికి మేమిద్దరం మీ ఇంటికి వస్తున్నాం. మీరు వద్దన్నా మీ చెల్లెలు ఆగేలా లేదు. ఇక ప్రతి ఆదివారం పాఠం మీ ఇంట్లోనే.

అక్షరాలు, అంకెలు తరవాత చూసుకుందాం. ముందు చేతులతో పోట్లాడటం నేర్పుతాను. ఆరేళ్లుగా మీ అక్కచెల్లెళ్లిద్దరికీ పోట్లాడుకునే భాగ్యం లేకపోయింది.

మీ మరిది